లగ్జరీ ఎస్‌యూవీ: పెట్రోలా, హైబ్రిడా, ఎలక్ట్రికా? కర్నూలు, అనంతపురం, కడప దారుల మీద పోల్చి చూసే పద్ధతి

అరవై డెబ్బై లక్షల బండి కొనేవాళ్లు షోరూంలో అడిగేది మైలేజీ, సన్‌రూఫ్, వెయిటింగ్ పీరియడ్. ఇంటి మీటరు లోడు ఎంతో, మే నెలలో మధ్యాహ్నం బెంగళూరుకు పోతే ఎన్ని యూనిట్లు కాలుతుందో, సైడ్‌వాల్ కోసుకుపోతే కొత్త టైరు ఏ ఊరి నుంచి రావాలో అడగరు. తర్వాత ఇబ్బంది పెట్టేవి మాత్రం ఇవే.

రెండు బ్రోచర్లు పక్కపక్కన పెట్టుకుంటే తేలేది తక్కువ. మీ ఏడాదిలో అతి కష్టమైన ప్రయాణం ఏదో దాన్ని తీసుకుని రెండు బండ్లనూ ఆ దారిలో పెట్టి లెక్కగట్టాలి. ఆ వరస కింద ఉంది. అంకెలు నమూనాకే, వాటి స్థానంలో మీవి వేసుకోండి.

## 1. మీ వాడకాన్ని కాగితం మీద పెట్టండి

గడిచిన ఏడాది ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, సర్వీసు బిల్లుల మీది ఓడోమీటరు రీడింగులు తీయండి. నోటి లెక్కలో నెలకు రెండు వేలు తిరిగామనుకున్న బండి, బిల్లుల్లో చూస్తే పన్నెండు వందల దగ్గర ఉంటుంది.

రాసుకోవాల్సినవి:

- ఏడాదికి మొత్తం కిలోమీటర్లు
- అందులో ఊళ్లో ఎంత, హైవే మీద ఎంత
- ఒకే రోజులో తిరిగిన అతి ఎక్కువ దూరం, అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని
- చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి బయల్దేరే అవసరం ఎంత తరచుగా వస్తుంది
- రాత్రి బండి ఎక్కడ ఆగుతుంది: సొంత పోర్టికోలోనా, అపార్ట్‌మెంట్ సెల్లార్లోనా, వీధిలోనా
- ఇంట్లో రెండో కారు ఉందా

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండో బండిగా డీజిలో పెట్రోలో ఉన్న ఇంటికి ఎలక్ట్రిక్ సులువు. ఉన్న ఒక్క బండీ ఎలక్ట్రిక్ అయితే కింది 4, 5 అంశాలు కచ్చితంగా పాస్ కావాలి.

## 2. జోడీ సరిగ్గా కట్టండి

ఎక్స్‌షోరూం ధర దగ్గరగా ఉంటే చాలదు. సీట్లు, బూటు, డ్రైవ్ రకం కూడా దగ్గరగా ఉండాలి. హైబ్రిడ్ అయిన లెక్సస్ ఎన్‌ఎక్స్ 350హెచ్‌కు ఎదురుగా ఎలక్ట్రిక్ కియా ఈవీ6ను, బీఎండబ్ల్యూ ఎక్స్1కు ఎదురుగా అదే కంపెనీ ఎలక్ట్రిక్ ఐఎక్స్1ను పెట్టడంలో అర్థముంది. ఏడు సీట్ల బండిని ఐదు సీట్ల దానితో పోల్చి ‘ఇందులో చోటు తక్కువ’ అనుకుంటే ఉపయోగం లేదు.

హైబ్రిడ్ అన్న మాట దగ్గర చాలామంది పొరబడతారు. మూడు రకాలున్నాయి.

మైల్డ్ హైబ్రిడ్. వోల్వో ఎక్స్‌సీ60, మెర్సిడెస్ జీఎల్‌సీలలో ఉండే 48 వోల్టుల ఏర్పాటు. ఇంజిన్‌కు చిన్న ఊతం, మెత్తగా స్టార్ట్ కావడం, అంతవరకే. కరెంటు మీద బండి నడవదు. లెక్కలో దీన్ని మామూలు పెట్రోలు లేదా డీజిల్ బండిగానే వేసుకోండి.

స్ట్రాంగ్ హైబ్రిడ్. ఎన్‌ఎక్స్ 350హెచ్, ఆర్‌ఎక్స్ 350హెచ్ ఈ కోవవి. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజిన్ ఆగి మోటారు లాగుతుంది. లాభమంతా ట్రాఫిక్‌లోనే. ఎన్‌హెచ్-44 మీద వంద స్పీడులో మూడు గంటలు పోతే ఇంజిన్ దాదాపు ఆగదు, మామూలు పెట్రోలు బండికీ దీనికీ తేడా బాగా తగ్గిపోతుంది. బెంగళూరులో ఉన్న స్నేహితుడు చెప్పిన మైలేజీ కడపలో రాకపోవడానికి కారణం ఇదే.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్. మన మార్కెట్‌లో అరుదు. ఇంట్లో రోజూ ఛార్జింగ్ పెట్టేవాళ్లకే ఫలితం.

డీజిల్ విషయంలో ఒక హెచ్చరిక. బీఎస్-6 డీజిల్ బండికి సైలెన్సర్ వైపు డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు పదిహేను ఇరవై నిమిషాలైనా ఆగకుండా హైవే వేగంలో పోవాలి. ఇంటి నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది మూసుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది. వాడకం అలాంటిదైతే డీజిల్‌ను జాబితాలోంచి ఇప్పుడే కొట్టేయండి.

## 3. షోరూం కంటే ముందు ఇంటి మీటరు

ఎలక్ట్రిక్ బండి నప్పుతుందో లేదో సగం ఇక్కడే తేలిపోతుంది. బుకింగ్ అడ్వాన్సు కట్టకముందే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి వరసగా ఇవి చూపించండి.

ఎ. మంజూరైన లోడు. కరెంటు బిల్లు మీద ఉంటుంది. సింగిల్ ఫేజ్‌లో 32 ఆంపియర్ల ఛార్జర్ 7.4 కిలోవాట్లు లాగుతుంది. త్రీ ఫేజ్‌లో ఫేజుకు 16 ఆంపియర్ల చొప్పున 11 కిలోవాట్లు. మీ మీటరు లోడు 3 కిలోవాట్లయితే రెండు ఏసీలు, గీజరు, ఛార్జరు ఒకేసారి నడవవు. కరెంటు సరఫరా సంస్థ ఏపీఎస్పీడీసీఎల్‌కు అదనపు లోడు దరఖాస్తు పెట్టి త్రీ ఫేజ్ తీసుకోవడమే దారి. మెయిన్ ఎంసీబీని (లోడు మించితే పడిపోయే స్విచ్) పెద్దది వేసి సరిపెట్టడం పరిష్కారం కాదు. అలా చేస్తే ఎంసీబీ పడిపోకుండా దాని వెనకున్న వైరు కాలుతుంది.

బి. వైరు. మీటరు బోర్డు నుంచి పోర్టికో దాకా విడిగా లైను లాగించాలి. 32 ఆంపియర్లకు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. దూరం 25 మీటర్లు దాటితే 10. మధ్యలో జాయింట్లు ఉండకూడదు. లైనుకు 40 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) పెట్టించండి. ఆర్‌సీసీబీ కనీసం టైప్-ఎ అయి ఉండాలి. డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటు ఛార్జర్‌లోనే ఉందో లేదో అడిగి, లేకుంటే టైప్-బి వేయించండి. పాత ఇళ్లలో ఉండే టైప్-ఏసీ దీనికి పనికిరాదు.

సి. ఎర్తింగ్. మన నేలలో అసలు పరీక్ష ఇది. కింద బండరాయి, పైన ఎండిన మట్టి. జనవరిలో బాగానే ఉన్న ఎర్త్ పిట్ ఏప్రిల్‌కు ఎండిపోతుంది. ఛార్జర్ ఎర్ర లైటు చూపించి ఆగిపోతుంది. బండి పాడైందని షోరూంకు ఫోన్ చేస్తారు, తప్పు గుంతలో ఉంటుంది. ఛార్జర్‌కు విడిగా ఒక పిట్ తవ్వించి, బెంటొనైట్ లేదా ఎర్తింగ్ కాంపౌండ్ నింపించి, ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. 5 ఓమ్‌లకు లోపే ఉండాలి. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు రెండు బిందెల నీళ్లు పోయించండి. ఛార్జింగ్ నడుస్తుండగా న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించండి. ఐదారు వోల్టులు దాటితే ఎర్తింగో న్యూట్రలో సరిగ్గా లేనట్టే.

డి. రాత్రి వోల్టేజీ. లైను చివర ఉన్న ఇళ్లలో ఎండాకాలం రాత్రి తొమ్మిదికి 190 వోల్టులే ఉంటే 32 ఆంపియర్ల దగ్గర వచ్చేది 7.4 కాదు, 6 కిలోవాట్ల చిల్లరే. ఇంకా పడితే కట్ అవుతుంది. ఛార్జింగ్ మొదలయ్యే వేళ రాత్రి పన్నెండు దాటాక సెట్ చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

ఇ. ఏ కేటగిరీ మీటరు. 2025-26 టారిఫ్ ప్రకారం గృహ కనెక్షన్‌లో నెలకు 400 యూనిట్లు దాటాక యూనిట్ రూ.9.75. ఈవీ ఛార్జింగ్ కేటగిరీలో విడిగా మీటరు తీసుకుంటే రూ.6.70. సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. దరఖాస్తు పెట్టే రోజు అమల్లో ఉన్న టారిఫ్ పట్టిక చూసుకోండి. అయితే మిద్దె మీద సోలార్ ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది. నెట్ మీటరింగ్ (సోలార్ కరెంటును బిల్లులోంచి తగ్గించే లెక్క) ఇంటి కనెక్షన్‌కే వర్తిస్తుంది, కాబట్టి బండిని ఇంటి మీటరు మీదే ఉంచడం లాభం. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఏడాదికి 15 వేల కిలోమీటర్లలో ముప్పాతిక ఇంటి ఛార్జింగ్ మీద తిరిగే బండికి రెండు కిలోవాట్ల ప్యానెల్ సరిపోతుంది.

తోటలో బోరు మోటారుకున్న వ్యవసాయ కనెక్షన్ నుంచి ఛార్జింగ్ పెట్టకండి. మంజూరైన పనికి కాకుండా వేరే పనికి కరెంటు వాడటం విద్యుత్ చట్టం సెక్షన్ 126 కిందికి వస్తుంది. రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు.

అపార్ట్‌మెంట్ వాళ్లు అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, మీ మీటరు నుంచి మీ పార్కింగు దాకా కేబుల్ పోయే దారిని ఫొటోలతో సహా జత చేయండి. నోటి మాట మీద కొంటే కమిటీ మారినప్పుడు గొడవ. వీధిలో పార్కింగ్ చేసేవాళ్లు ఇక్కడే ఆగి హైబ్రిడ్ వైపు పోవడం మేలు.

## 4. బ్రోచర్ రేంజ్‌ను మన దారికి కుదించండి

ఈవీ6కు 84 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ, వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ లెక్కలో రేంజ్, అంటే నిండు ఛార్జితో పోయే దూరం, 663 కిలోమీటర్లు. అంటే వంద కిలోమీటర్లకు 12.7 యూనిట్లు. ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్‌కు 66.4 యూనిట్లు, 531 కిలోమీటర్లు. అదీ 12.5 దగ్గరే. రెండు టన్నుల బండి ఏసీ వేసుకుని వంద స్పీడులో 12.5తో పోదు. 18 నుంచి 22 పడుతుంది. లెక్కకు 20 వేసుకోండి.

లెక్క వరస ఇది:

1. బ్యాటరీలో వాడుకోగలిగిన యూనిట్లు ఎన్నో అడగండి. చెప్పలేకపోతే బ్రోచర్ అంకెలో 95 శాతం తీసుకోండి.
2. చివరి పది శాతం లేదనుకోండి.
3. మిగిలిన యూనిట్లను వంద కిలోమీటర్ల ఖర్చుతో భాగించి వందతో గుణించండి.

80 యూనిట్లు వాడుకోగలిగే బండికి 72 ÷ 20 × 100 = 360 కిలోమీటర్లు. ఇది ఇంటి నుంచి నిండుగా బయల్దేరినప్పుడు. దారిలో ఛార్జింగ్ 80 శాతానికే ఆపేస్తాం కాబట్టి తర్వాతి విడత 280.

వేగం. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వంద నుంచి 120కి పోతే 44 శాతం ఎక్కువ. 20 యూనిట్లు తినే బండి 25 దాకా పోతుంది, 360 కాస్తా 290 లోపు పడిపోతుంది. ఎలాగూ నాలుగు వరసల జాతీయ రహదారి మీద కార్లకు పరిమితి వందే.

ఎత్తు. అనంతపురం సముద్ర మట్టానికి సుమారు 335 మీటర్లు, బెంగళూరు 920. మనుషులు, సామాన్లతో రెండున్నర టన్నులయ్యే బండిని అంత పైకి ఎత్తడానికే 4 యూనిట్లు పోతాయి. తిరుగు ప్రయాణంలో దిగుడులో మోటారు జనరేటర్‌లా పనిచేయడంతో అందులో సగం పైన వెనక్కి వస్తుంది. పెట్రోలు బండికి దిగుడులో తిరిగి ట్యాంకులోకి వచ్చేదేమీ లేదు. కడప–రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌లో ఇది మీటరు మీదే కనిపిస్తుంది. అయితే బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే దిగుడులో వచ్చే కరెంటు ఎక్కడా పట్టదు, బ్రేకులే వాడాలి. ఘాట్ పైనున్న ఊళ్ల నుంచి బయల్దేరేవాళ్లు 90 దగ్గర ఆపుకోవాలి.

ఎండ. 43 డిగ్రీల్లో నిలబెట్టిన బండిని చల్లబరచడానికి ఏసీ మొదట 3 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది, తర్వాత ఒకటి ఒకటిన్నరకు దిగుతుంది. బయల్దేరడానికి పావుగంట ముందు, ప్లగ్ పీకకుండానే, యాప్‌లో ఏసీ వేస్తే ఆ ఖర్చు ఇంటి మీటరు మీద పడుతుంది. అసలు సమస్య దారి మధ్యలో. వేడెక్కిన బ్యాటరీకి ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే దాన్ని కాపాడుకోవడానికి బండే వేగం తగ్గించుకుంటుంది. మే నెల ప్రయాణానికి ఛార్జింగ్ సమయంలో ఇరవై శాతం అదనంగా వేసుకోండి.

అనంతపురం–బెంగళూరు నమూనా. దూరం 215 కిలోమీటర్లు, 43 యూనిట్లు. ఎక్కుడుకు నష్టాలు కలిపి 4.5, బెంగళూరు మొదట్లో హెబ్బాళ ట్రాఫిక్‌కు 1. మొత్తం 48.5, అంటే 80లో 61 శాతం. నిండుగా బయల్దేరితే 39 శాతంతో చేరతారు, 31 యూనిట్లు మిగులు. ఊళ్లో 60 కిలోమీటర్లు తిరిగితే 10 పోయి 21. తిరుగు ప్రయాణానికి దిగుడు లాభం పోను 40, నిల్వ 8, మొత్తం 48 కావాలి. అంటే బెంగళూరులో 27 యూనిట్లు ఎక్కించాలి. 7.4 కిలోవాట్ల ఛార్జర్ ఉన్న హోటల్లో నాలుగు గంటలు, 60 కిలోవాట్ల డీసీ (ఫాస్ట్ ఛార్జింగ్) మెషిన్ దగ్గర అరగంట. ఆ మెషిన్ రెండో గన్‌కు (ఛార్జింగ్ ప్లగ్గుకు) ఇంకో బండి ఉండి పవర్ సగానికి పంచితే గంట.

కర్నూలు–హైదరాబాద్ కూడా దాదాపు ఇంతే దూరం, ఎక్కుడు మాత్రం సగం. కడప–తిరుపతి 140 కిలోమీటర్లు, పోయి రావడానికి ఈ బండికి దారిలో ఛార్జింగ్ అక్కర్లేదు. కడప–బెంగళూరు సుమారు 260. ఇందులో ఘాట్, ఎక్కుడు రెండూ ఉన్నాయి కాబట్టి 65 యూనిట్ల బ్యాటరీతో నేరుగా పోవాలనుకోకండి.

పెట్రోలు, హైబ్రిడ్ బండ్లకూ బ్రోచర్ అంకె నమ్మకండి. ట్యాంకు మొదటి ఆటో కట్ దాకా నింపి, మూడు వందల కిలోమీటర్లు పోయి, అదే బంకులో అలాగే నింపి భాగించండి. డ్యాష్‌బోర్డు మీది అంకె సాధారణంగా కాస్త ఎక్కువే చెబుతుంది.

## 5. దారిలో ఛార్జర్లు: మ్యాపులో కాదు, నేల మీద

యాప్‌లో కనిపించే చుక్కలన్నీ ఛార్జర్లు కావు. కొన్ని 15 కిలోవాట్లవి, కొన్ని షోరూం గేటు లోపల ఉండి రాత్రి మూసేసేవి, కొన్ని చాలాకాలంగా పనిచేయనివి. మీరు తరచూ తిరిగే దారిని విడతలుగా కోసి ప్రతి ఆగే చోటుకు రెండు స్టేషన్లు రాసుకోండి. కర్నూలు–హైదరాబాద్‌కు పెబ్బేరు, జడ్చర్ల, షాద్‌నగర్. అనంతపురం–బెంగళూరుకు పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి. కడప–కర్నూలుకు మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల. కొనకముందే ఉన్న బండిలో ఒకసారి పోయి చూడండి.

ప్రతి చోటా చూడాల్సినవి:

- సీసీఎస్-2 (కార్ల ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్గు రకం) గన్‌లు ఎన్ని, మెషిన్ మొత్తం పవర్ ఎంత, రెండు గన్‌లు వాడితే పంచుతుందా
- గడిచిన రెండు మూడు రోజుల్లో ఎవరైనా ఛార్జింగ్ చేసిన ఆనవాలు యాప్‌లో ఉందా
- రాత్రి పదకొండుకు తెరిచి ఉంటుందా, లైటు, బాత్రూం, మనిషి ఉన్నారా
- డబ్బు ఏ యాప్‌లో, కనీస వాలెట్ మొత్తం ఎంత
- కరెంటు పోతే జనరేటర్ ఉందా

ఒక స్టేషన్ పనిచేయకపోతే తర్వాతి దానికి పోయేంత ఛార్జి మిగిలి ఉండాలి. 8 శాతంతో ఒకే ఛార్జర్‌ను నమ్ముకుని పోయేవాళ్లకే ఫ్లాట్‌బెడ్ (బండిని పైకి ఎక్కించుకుపోయే లారీ) అవసరం పడుతుంది. పండగ ముందు రోజు, లాంగ్ వీకెండ్ శుక్రవారం సాయంత్రం బెంగళూరు వైపు క్యూ ఉంటుంది. ఆ రోజుల్లో 20 శాతం దగ్గరే ప్లగ్ పెట్టండి.

## 6. ఖర్చు లెక్క

ఏడాదికి 15,000 కిలోమీటర్లు, లీటరు పెట్రోలు రూ.109, డీజిల్ రూ.97 అనుకుందాం.

- పెట్రోలు, లీటరుకు 10 కి.మీ.: 1,500 లీటర్లు, రూ.1,63,500
- డీజిల్, లీటరుకు 13 కి.మీ.: రూ.1,12,000 దగ్గర
- స్ట్రాంగ్ హైబ్రిడ్, లీటరుకు 15 కి.మీ.: రూ.1,09,000
- ఎలక్ట్రిక్, మొత్తం 3,000 యూనిట్లు. ఇంట్లో 70 శాతం: ఛార్జింగ్ నష్టం కలిపి 2,360 యూనిట్లు, రూ.6.70 చొప్పున రూ.15,800. బయట 30 శాతం: యూనిట్ రూ.22 లెక్కన నష్టం కలిపి రూ.20,800. మొత్తం రూ.36,600

పెట్రోలుతో తేడా లక్షా ఇరవై ఏడు వేలు. డీజిల్, హైబ్రిడ్‌తో 72 నుంచి 75 వేలు. ఇంట్లో ఛార్జింగ్ లేక మొత్తం బయటే పెడితే ఎలక్ట్రిక్ ఖర్చు రూ.69,000 దాటుతుంది, హైబ్రిడ్‌తో తేడా నలభై వేలకు పడిపోతుంది. గృహ మీటరు పై శ్లాబులో పెడితే అదనంగా పడేది ఏడాదికి రూ.7,200. విడి మీటరు మంచిదే కానీ, అది రాలేదని ఎలక్ట్రిక్ వద్దనుకోవాల్సిన పనిలేదు.

అనంతపురం వాళ్లు కర్ణాటక సరిహద్దు దాటాక ట్యాంకు నింపుతుంటారు, అక్కడ రేటు తక్కువ. మీ లెక్కలో ఆ సగటు రేటే వేసుకోండి, లేకపోతే పెట్రోలు బండికి అన్యాయం చేసినట్టు.

ఇప్పుడు పెద్ద అంకె. ఇన్సూరెన్స్ పాలసీలో ఐడీవీ (బండికి బీమా కోసం లెక్కగట్టే విలువ) తరుగుదల పట్టిక ప్రకారం బండి మూడో ఏడులో ఉంటే 30 శాతం కోత. 70 లక్షల మీద 21 లక్షలు. ఇంధనంలో మూడేళ్లకు మిగిలేది రెండు నుంచి నాలుగు లక్షలు. మార్కెట్‌లో అసలు రీసేల్ ఇంకా కిందికి పోవచ్చు, లగ్జరీ ఎలక్ట్రిక్ బండ్లకు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంకా తక్కువ. అందుకని ఈ ధరలో కరెంటు ఆదా కోసమే ఎలక్ట్రిక్ కొనడం సరైన లెక్క కాదు. నడక, నిశ్శబ్దం, ఇంట్లోనే నింపుకునే సౌకర్యం నచ్చితే కొనండి. కంపెనీ ఖాయం చేసిన బైబ్యాక్ (బండిని తిరిగి కొనే హామీ) ఇస్తే ఎన్నేళ్లకు, ఎన్ని కిలోమీటర్లకు, ఎంత శాతమో కాగితం మీద తీసుకోండి.

## 7. పన్ను, ఇన్సూరెన్స్, లోను

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద సెస్ లేకుండా 40 శాతం జీఎస్టీ. పెద్ద హైబ్రిడ్‌లకూ అంతే. ఎలక్ట్రిక్‌కు 5 శాతం. ఆ తేదీకి ముందు చేసిన ధరల పోలికలు, వీడియోలు పక్కన పెట్టేయండి.

లైఫ్ ట్యాక్స్ రాష్ట్రానిది. ఎలక్ట్రిక్‌కు రాయితీ జీవోలకు గడువు ఉంటుంది, లెక్కలోకి వచ్చేది రిజిస్ట్రేషన్ రోజు అమల్లో ఉన్నదే. సేల్స్ వాళ్ల మాట కాకుండా ఆర్టీఏ ఆఫీసులో మీ మోడల్ ఇన్వాయిస్ ధర చెప్పి కట్టాల్సిన మొత్తం తెలుసుకోండి. పన్ను తక్కువని పక్క రాష్ట్రంలో రిజిస్టర్ చేయిస్తే, పన్నెండు నెలలు దాటి ఇక్కడే వాడితే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ పన్ను.

పది లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టించుకుంటారు. అది ఖర్చు కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. రసీదు దాచుకోండి.

ఎలక్ట్రిక్ లోను వడ్డీకి ఆదాయపు పన్ను సెక్షన్ ‘80ఈఈబీ’ కింద లక్షన్నర మినహాయింపు ఉందని ఇంకా కొందరు చెబుతున్నారు. అది 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే. కంపెనీ పేరు మీద కొనే గ్రానైట్, కాంట్రాక్టు వ్యాపారులు తరుగుదల రేటు గురించి ఆడిటర్‌ను అడగాలి. మామూలు కారుకు 15 శాతం ఉండగా ఎలక్ట్రిక్‌కు 40 శాతం చూపించుకునే వీలు ఈ పోలికనే మార్చేస్తుంది.

థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్‌కు 15, హైబ్రిడ్‌కు 7.5 శాతం తగ్గింపు ఉంది కానీ అది వేలల్లోనే. చూడాల్సింది యాడ్-ఆన్‌లు: జీరో డిప్రిసియేషన్ (తరుగుదల కోయకుండా భాగాల ఖర్చు ఇచ్చేది), రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే ఇన్వాయిస్ ధర ఇచ్చేది), టైర్ కవర్. ఎలక్ట్రిక్‌కు బ్యాటరీ, ఇంటి ఛార్జర్ రెండూ కవరేజీలో ఉన్నట్టు పాలసీలో రాసి ఉండాలి.

## 8. టెస్ట్ డ్రైవ్‌ను పరీక్షలా చేయండి

షోరూం చుట్టూ మూడు కిలోమీటర్లు తిరిగితే సీటు మెత్తదనం తప్ప ఏమీ తెలియదు. కనీసం అరవై కిలోమీటర్లు అడగండి. ఈ ధరకు ఇస్తారు, ఇవ్వకపోతే పక్క ఊరి డీలర్ ఇస్తాడు.

1. మధ్యాహ్నం పన్నెండు మూడు మధ్య పెట్టుకోండి. ఇంట్లో నలుగురినీ ఎక్కించుకోండి, పెద్దవాళ్లను మరీ.
2. టైర్ల గాలి చూపించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి ఫొటో తీయండి.
3. ఏసీ 23 దగ్గర, క్రూయిజ్ వంద దగ్గర పెట్టి ముప్పై కిలోమీటర్లు ఒక వైపు, అంతే దూరం వెనక్కి. రెండు దిశలూ తప్పనిసరి, గాలి, ఎత్తు తేడాలు కొట్టుకుపోతాయి.
4. అదే దారి, అదే వేళ రెండో బండితో.
5. చెడ్డ రోడ్డు ఒక కిలోమీటరు, ఊళ్లో పెద్ద స్పీడ్ బ్రేకర్ ఒకటి. ఐదుగురు ఎక్కినప్పుడు అడుగు తగిలిందా?
6. వెనక సీటులో మీరే కూర్చోండి. బ్యాటరీ నేల కింద ఉండటంతో కొన్ని ఎలక్ట్రిక్ బండ్లలో మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద ఆసరా ఉండదు. బెంగళూరు చేరేసరికి నడుము చెబుతుంది.
7. నల్ల గ్లాస్ రూఫ్ ఉంటే తల మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. తెర లేని బండికి తెర ఖర్చు కూడా కలపండి.

ఎలక్ట్రిక్‌లో బ్రేక్ రీజెన్ (యాక్సిలరేటర్ వదిలితే మోటారే బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీ నింపడం) స్థాయి మార్చి మార్చి చూడండి. ఎక్కువ పెడితే వెనక కూర్చున్నవాళ్లకు వాంతి వచ్చినట్టుంటుంది. డ్రైవర్‌ను పెట్టుకునేవాళ్లు అతన్నే నడపమనండి.

## 9. టైర్లు, టోయింగ్, వర్క్‌షాపు

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల దారుల్లో నాపరాయి, సిమెంటు లారీలు తిరుగుతాయి. రోడ్డు అంచున పడ్డ రాతి పలుకులు కత్తుల్లా ఉంటాయి. లగ్జరీ ఎస్‌యూవీల 19, 20 అంగుళాల టైర్ల సైడ్‌వాల్ పలచన, ఎలక్ట్రిక్ బండి బరువు ఇంకా ఎక్కువ. సైడ్‌వాల్ కోసుకుంటే పంక్చర్ కిట్ పనిచేయదు. చాలా ఎలక్ట్రిక్ మోడళ్లలో, కొన్ని పెట్రోలు మోడళ్లలోనూ స్టెప్నీ ఉండదు.

- స్టెప్నీ ఉందా, లేకపోతే స్పేస్ సేవర్ (సన్నటి తాత్కాలిక స్టెప్నీ) విడిగా ఇస్తారా, పెడితే బూటులో ఏం మిగులుతుంది
- ఆ సైజు టైరు మీ ఊళ్లో దొరుకుతుందా, రేటెంత
- చిన్న చక్రాల వేరియంట్ ఉందా. ఉంటే అదే తీసుకోండి, రేంజ్ కూడా పెరుగుతుంది

చాలా లగ్జరీ బ్రాండ్ల వర్క్‌షాపుకు హైదరాబాదుకో బెంగళూరుకో పోవాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉచితంగా ఎన్ని కిలోమీటర్ల వరకు లాగుతుందో కాగితం మీద చూపించమనండి. యాభై కిలోమీటర్ల పరిమితి ఉంటే 215 కిలోమీటర్ల టోయింగ్ బిల్లు మీదే. ఎలక్ట్రిక్ బండిని చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదు, ఫ్లాట్‌బెడ్ కావాలి. ఊళ్లో మెకానిక్ తాడు కట్టి లాగితే మోటారు దెబ్బతింటుంది.

బ్యాటరీ వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఎంత శాతం కంటే కిందికి పడితే మారుస్తారో, రెండో యజమానికి వర్తిస్తుందో లేదో చదవండి. రీసేల్ ధర దాని మీద ఆధారపడుతుంది.

## 10. నిర్ణయం, డెలివరీ

ఇన్ని కాగితాల తర్వాత తూకం ఇలా వేస్తాం. సొంత పోర్టికో, త్రీ ఫేజ్ మీటరు, బాగా పనిచేసే ఎర్తింగ్, ఒక రోజు ప్రయాణం 250 లోపు, ఇంట్లో ఇంకో బండి ఉంటే ఎలక్ట్రిక్. ఊళ్లో ఎక్కువ, హైవే తక్కువ, పార్కింగ్ వీధిలో అయితే స్ట్రాంగ్ హైబ్రిడ్. నెలకు మూడు నాలుగుసార్లు చెన్నై, హైదరాబాద్ రాత్రికి రాత్రే పోయి వచ్చేవాళ్లకు డీజిల్. మామూలు పెట్రోలు లగ్జరీ ఎస్‌యూవీకి మన దారుల మీద బలమైన కారణం కనిపించదు. ఆ ఇంజిన్ శబ్దం ఇష్టమైతే అది వేరే సంగతి.

డెలివరీ రోజు బండి ఎండలో, నీళ్లు లేకుండా తుడిచి ఉన్నప్పుడు చూడండి, తడి మీద గీతలు కనబడవు.

- చాసిస్ నంబర్ ప్రకారం తయారైన నెల, ఏడాది. టైర్ల మీది వారం, ఏడాది ముద్ర
- ఎలక్ట్రిక్: ఎక్కువకాలం యార్డులో సున్నా దగ్గర పడి ఉందా, బ్యాటరీ హెల్త్ రిపోర్టు
- షోరూం ఏసీ, డీసీ ఛార్జర్లు రెండింటి మీదా పది నిమిషాలు ఛార్జింగ్ పెట్టించి చూడటం
- పోర్టబుల్ ఛార్జర్, టైరు కిట్, టోయింగ్ హుక్ బూటులో ఉన్నాయా
- యాప్ మీ ఫోన్‌లో, మీ పేరు మీద రిజిస్టర్ అయిందా. డీలర్ మెయిల్ మీద ఉంటే అక్కడికక్కడే మార్పించండి
- హైబ్రిడ్: వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి లాగే జాలీ ఉంటే అది ఎక్కడుందో చూపించుకోండి. దాని మీద దిండో సంచో పెడితే బ్యాటరీ వేడెక్కుతుంది
- డీజిల్: డెఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం) నిండుగా ఉందా, మూత ఎక్కడ. దాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంధన వ్యవస్థ మొత్తం మార్చాల్సి వస్తుంది, బంకు కుర్రాడికి మీరే దగ్గరుండి చూపించాలి

ఇంటి ఛార్జర్‌ను బండి రాకముందే బిగించి పెట్టుకోండి. బండి వచ్చాక మొదటి రాత్రి నిండా ఛార్జింగ్ పెట్టి, గంట తర్వాత ప్లగ్గు, ఎంసీబీ, మీటరు దగ్గరి వైరు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపేసి, ఆ స్క్రూలన్నీ మళ్లీ బిగించమని ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.